నానే అన్నాను

మా మేనత్త ఎవరి గురించి ఏం మాట్లాడినా, చివర గుండెల మీద అరచెయ్యి వేసుకుని, "నానే అన్నాను, నా పేరే సెప్పు" అనేది. చాటుగా మాట్లాడడం ఆమెకు చేతకాదు.

మలేషియాలో మా ఊరు బటాంగ్ బెర్జుంటైలో పామాయిల్ మిల్లు వదిలిన నీళ్లకు మా వాగులో చేపలు చచ్చి తేలాయి. అత్త ఒడ్డున నిలబడి, చేపల్ని చంపింది ఆ మిల్లేనని చెప్పింది. నేను వీడియో తీసి అందరికీ పంపాను. మిల్లు యజమానులది యూరప్. అక్కడి కోర్టులో పరువు నష్టం దావా వేస్తామని మా ఇద్దరికీ నోటీసులు వచ్చాయి.

"నిజం సెప్పినా తప్పేనేటి?" అని అత్త మా లాయరును అడిగింది.

"తప్పు కాదు ఆంటీ. కానీ అది నిజమని మీరే రుజువు చెయ్యాలి."

"సేస్తాను. ఆళ్లని ఒకపాలి వచ్చి మా వాగు నీళ్లు తాగమను!"

నేను మాత్రం దావా ఓడితే ఇల్లు పోతుందని భయపడి, క్షమాపణ మీద సంతకం పెట్టి, వీడియో తీసేశాను. ఆ పిరికితనానికి వివేకమని పేరు పెట్టుకున్నాను.

మర్నాడు అత్త నన్ను మళ్లీ వాగు దగ్గరికి పిలిచింది.

"ఫోను పట్టుకో అల్లుడా."

నా చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. ఆమె తన ఫోనును నీళ్ల సీసాకు ఆనించి, ఎదురుగా నిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఎప్పుడూ చివర అనే మాటను ఈసారి మొదటే అంది.

"నానే అంటన్నాను. నా పేరు రాసుకోండి."