కామాగారి చూపుడువేలు

ప్రెస్సులో ఆయన్ని అందరూ కామాగారనేవారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల మూలప్రతిని పైకి చదవడం ఆయన పని. ఎదురుగా కూర్చుని, ఎర్రపెన్నుతో ప్రూఫు దిద్దడం ఆయన భార్య పని. కామా వస్తే కామా అని, చుక్క వస్తే చుక్క అని, పొల్లుపోకుండా చదివేవాడు. ఆయన కామా అన్నప్పుడు గోడమీది బల్లి కూడా ఆగి, ఊపిరి పీల్చుకుని మరీ కదిలేదని కంపోజింగువాళ్ళు ఒట్టేసి చెప్పేవారు. ఆవిడ నవ్వేది కాదు. బల్లి సంగతి నిజమేననేది.

చెవితో విని దిద్దడంలో ఒక్కటే చిక్కు. ఇంగ్లీషువాళ్ళు ఒకే మోతకి రెండేసి అర్థాలు, రెండేసి స్పెల్లింగులు పెట్టుకుని కూర్చున్నారు. సన్ అంటే సూర్యుడూ అవుతాడు, కొడుకూ అవుతాడు. ఫ్లవర్ పువ్వూ అవుతుంది, పిండీ అవుతుంది. అలాంటి మాట తగిలినప్పుడల్లా అక్షరాలు విడదీసి చెప్తే పుస్తకం తెమలదు. అందుకని పెళ్ళికి ముందే, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునే రోజుల్లోనే, ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ జంటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ముందు రాసిన మాటైతే ఆయన ఎడమ చూపుడువేలితో బల్లమీద ఒకసారి కొడతాడు, రెండో మాటైతే రెండుసార్లు.

ఒకరోజు పాఠంలో ఉత్తరం వచ్చింది. ఆయన డియర్ అని చదివి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ రెండుసార్లు కొట్టాడు. నోటుబుక్కులో రెండోది జింక. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెళ్ళికి ఒప్పుకుంది. అప్పటినుంచి ఆవిడ పేరు జింకే.

ముప్పై ఒక్క ఏళ్ళు అలా గడిచాక, ఒక మధ్యాహ్నం, నదుల పాఠం చదువుతూ ఆయన వాక్యం మధ్యలో ఆగిపోయాడు. కామా చెప్తాడేమోనని జింక పెన్ను ఎత్తిపట్టుకుని చూసింది. ఎంతకీ చెప్పకపోయేసరికి తలెత్తింది. ఆయన మూతి ఒక పక్కకి జారి ఉంది.

ఆస్పత్రిలో ప్రాణం దక్కింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మనం అనేది ఆయనకి అందుతోందో లేదో ఎవరికీ అంతుపట్టలేదు. మాట నేర్పే వార్డులో ఆరువారాలు గడువిచ్చారు. అర్థమవుతున్నట్టు తేలితే అక్కడే ఉంచి నేర్పుతారు. లేకపోతే తిండి పెట్టి, పక్కకి ఒత్తిగిలించే వార్డుకి మారుస్తారు. అక్కణ్ణుంచి వెనక్కి వచ్చినవాళ్ళు లేరని జింకకి అందరూ ఒక్కొక్కరుగా, ఎంతో రహస్యంగా చెప్పారు.

నాలుగోవారంలో ఆ ఎడమ చూపుడువేలు మంచం కమ్మీ మీద టక్కుమంది. ఆవిడ పరుగున ఇంటికెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. సూర్యుడున్న వాక్యం చదివి ఆగింది. ఒకసారి కొట్టాడు. పిండి ఉన్న వాక్యం చదివింది. రెండుసార్లు. ఆవిడ వార్డంతా తిరిగి చెప్పింది, తుడిచే ఆవిడకి కూడా.

అన్నీ సరిగ్గా రాలేదు మరి. తప్పు కొడితే తన ఉచ్చారణ బాగాలేదనుకునేది. మళ్ళీ కొడితే పాపం అలిసిపోయాడనేది. ఒకసారి మూడు కొట్టాడు. మూడు స్పెల్లింగులున్న మాటలూ ఉంటాయి కదా అని నోటుబుక్కంతా గాలించి, ఒకటి పట్టుకుని, ఆయన జ్ఞాపకశక్తికి మురిసిపోయింది. ఒక్క అచ్చుతప్పు దొర్లితే ప్రెస్సు పైకప్పు లేచిపోయేలా గొడవ చేసిన మనిషి, ఆ పదిహేను రోజుల్లో మొగుడి తప్పులన్నీ మాఫీ చేసేసింది.

కూతురు ఒకటి రెండుసార్లు నసిగింది. జింక వినలేదు. నీ చిన్నప్పుడు నీ ముద్దుమాటలు కూడా నాకొక్కదానికే అర్థమయ్యేవి అని నోరు మూయించింది.

గడువు రోజున డాక్టరూ, మాటలు నేర్పే టీచరమ్మా వచ్చారు. జింక పది వాక్యాలు చదవాలి. ఆ కొట్టుడు భాష వాళ్ళకి రాదు కాబట్టి ఒప్పో తప్పో జింకే చెప్పాలి. నాలుగింటికి ఒప్పు చెప్పింది. నాలుగూ నిజంగానే ఒప్పు. గొంతు ఆరిపోయి, మంచినీళ్ళకోసం ఆగింది. డాక్టరు టీచరమ్మకి కాయితాల్లో ఏదో చూపిస్తున్నాడు.

గ్లాసు నోటిదాకా వెళ్ళేసరికి వేలు రెండుసార్లు కొట్టింది. తొందర పెడుతున్నాడనుకుంది. ఒక గుక్క తాగింది. వేలు ఒకసారి కొట్టింది. మళ్ళీ రెండు. మళ్ళీ మూడు. ఆవిడ ఏమీ చదవడంలేదు. ఆయన కళ్ళు కిటికీ వైపున్నాయి, కిటికీని చూడటంలేదు.

జింక గ్లాసు కింద పెట్టి, కావాలనే నోరు కదపకుండా కూర్చుంది. వేలు ఆగలేదు.

"ఇంతవరకు అన్నీ కరెక్టే కదా ఆంటీ? ఇంకో రెండు వస్తే చాలు," అంది టీచరమ్మ పెన్ను తీస్తూ.

చాలునన్న ఆ రెండూ జింక నోట్లోనే ఉన్నాయి. అడిగేవాళ్ళు లేరు, పట్టుకునేవాళ్ళు లేరు. ఆవిడ నోటుబుక్కు మూసేసింది.

"ఆయన నాకేమీ చెప్పడంలేదమ్మా. ఆ వేలు దానంతటది ఆడుతోంది."

"అమ్మా, రోజూ నువ్వే కదా చెప్పావు..." అంది కూతురు.

"నేనే చెప్పాను. తప్పు చదివాను."

ఆ రోజే మంచం మార్చారు. కొత్త వార్డులో పన్నెండు మంచాలు, గోడకి ఆనించిన బల్ల ఒకటి. జింక ఆయన వేలిని అరచేతిలో పట్టుకుంటే ఆగింది. వదిలితే మళ్ళీ మొదలైంది. చాలాసేపు పట్టుకునే కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కి వదిలేసింది.

పక్కమంచం పేషెంటు బావమరిది వీళ్ళొచ్చినప్పట్నించీ విసుక్కుంటూనే ఉన్నాడు. చివరికి లేచొచ్చి, "అక్కయ్యా, ఏమనుకోకండి. ఆ టకటకకి మా బావకి కన్ను మూతపడటంలేదు," అన్నాడు.

ఫర్వాలేదన్నట్టు జింక తలూపింది. సంచిలోంచి తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, కమ్మీకి చుట్టింది. వేలు కొడుతూనే ఉంది. చప్పుడు మాత్రం లేదు.