పెండ్లి మండపంలో ఏటిగట్టు జనం

వేలూరు నుంచి కార్తీక ఫోను చేసేటప్పటికి తంగమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టడం ముగించి, గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. వేలూరులోని తెలుగు సంఘం వాళ్ళు పేదల కోసం పాటుపడిన మనిషిగా ఈ ఏడు ఆమెను సన్మానిస్తారట.

"నాకెందుకమ్మా అదంతా? కౌన్సిలరు పదవి పోయి ఎన్ని ఏండ్లాయెనో నాకే గ్యాపకం లేదు," అని తప్పించుకోబోయింది తంగమ్మ.

"నా పెండ్లన్నం తిన్నావు కదక్కా. ఇప్పుడు నేను పిలిస్తే రానంటే ఎట్ల?"

ఆ మాటకు తంగమ్మ సరేనంది. ఆదివారం పొద్దున్నే మంచి చీర కట్టుకుని గుడియాత్తం బస్టాండులో వేలూరు బస్సెక్కింది. పళ్ళికొండ దాటి హైవే మీద గాలి తగిలేసరికి, వద్దనుకున్నా పాత రోజులు ఒక్కొక్కటే ముందుకొచ్చాయి.

ఆమె మొదటిసారి కౌన్సిలరుగా గెలిచినప్పుడు ఊరంతా నవ్వింది. లుంగీలు నేసే మారి పెండ్లాం, కండెలు చుట్టే కూలిమనిషి, ఆడవాళ్ళకు కేటాయించిన వార్డు కాబట్టి నెగ్గింది, ఏం చేస్తుందిలే అన్నారు. ఆమెకు ఓట్లేసినవాళ్ళంతా కౌండిన్య ఏటిగట్టున గుడిసెల్లో ఉండేవాళ్ళు. బీడీలు చుట్టేవాళ్ళు, అగ్గిపెట్టెలకు కాగితం అంటించేవాళ్ళు, మగ్గాల కూలీలు. తంగమ్మ పుట్టిల్లు కూడా అక్కడే. ఆమె తల్లి కృష్ణమ్మ గుడిసె వరసలో చిట్టచివరిది.

రెండో ఏడు గట్టు మీద గోడ కట్టాలని, గుడిసెలు ఖాళీ చేయాలని ఉత్తరువు వచ్చింది. "పొమ్మంటే పోతాం. యాడికి పోవాలో ముందు చెప్పండి," అని తంగమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. స్థలం చూస్తున్నామన్నారు. చూస్తూండగానే ఒక పొద్దున బుల్డోజరు వచ్చేసింది. అదే రోజు వానా పట్టుకుంది.

మధ్యాహ్నానికి చట్టీ, చాపా, మేకపిల్లా అన్నీ రోడ్డు మీద పడ్డాయి. పిల్లలు గోనెసంచుల కింద దూరి కూర్చున్నారు. తంగమ్మ బడి దగ్గరికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. సత్రం వాళ్ళు తలుపు సగమే తెరిచి లేదన్నారు. ఇక మిగిలింది బజారులో బియ్యం వ్యాపారి ఆరుముగం శెట్టి కట్టించిన కల్యాణ మండపం. దాని ముందర అరటిచెట్లు కట్టి ఉన్నాయి. తెల్లవారితే శెట్టి కూతురు పెండ్లి.

తంగమ్మ తడిసిన చీరతో గేటు దగ్గరే ఆగిపోయింది. శెట్టే చూసి బయటికి వచ్చాడు.

"ఏందమ్మా కౌన్సిలరమ్మా, ఇట్ల తడిసిపోయినావు?"

"గట్టు మీద ఇండ్లు కూలదోసినారు శెట్టిగారూ. ముసిలోళ్ళు, పసిబిడ్డలు వానలో ఉండారు."

"అయ్యో. అయితే రేపు ముహూర్తం పెట్టుకుని నన్నేం చెయ్యమంటావు? ఆంబూరు నుంచి వియ్యంకులు సాయంత్రానికి దిగుతారు."

ఆమె తల ఊపి వెనక్కి తిరిగింది. శెట్టి చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. అప్పుడు మేడమెట్ల మీద నుంచి, చేతులకు గోరింటాకు ఆరీ ఆరకుండా, పెండ్లికూతురు కార్తీక దిగి వచ్చింది.

"నాయనా, కింద సామాన్లు పెట్టిన హాలు ఉండాది కదా. అవి వరండాలోకి జరిపితే సరిపోతాది."

"నీ అత్తగారోళ్ళు ఏమంటారో?"

"వానలో బిడ్డల్ని నిలబెట్టినామంటే ఏమంటారు?"

శెట్టి ఆకాశం వైపు చూశాడు, కూతురు వైపు చూశాడు. ఆ తర్వాత వంటమనిషిని కేకేసి, "ఇంకో అండా అన్నం పొయ్యి మీద పెట్టు," అన్నాడు.

పెండ్లివారు దిగేసరికి కింది హాలు నిండా జనం. వియ్యంకుడి ముఖం ముడుచుకున్న మాట నిజమే. కానీ ఏటిగట్టు ఆడవాళ్ళు ఊరికే కూర్చోలేదు. బీడీలు చుట్టే వేళ్ళతో చకచకా మల్లెలు కట్టారు, కూరగాయలు తరిగారు, విస్తళ్ళు తుడిచారు. కృష్ణమ్మ గొంతెత్తి పెండ్లిపాట అందుకుంటే వియ్యపురాలు పీట లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది. ఏటిగట్టువాళ్ళను కడపటి పంక్తిలో కూర్చోబెట్టమని ఎవరో అన్నారు. శెట్టి వినబడనట్టే పోయి, కృష్ణమ్మను చేయి పట్టుకుని రెండో పంక్తిలో కూర్చోబెట్టాడు.

ఆ తర్వాతే కష్టం మొదలైంది. గుడిసెలు పోయినవాళ్ళకు కొండ దాపున రాళ్ళనేల ఇచ్చారు. నీళ్ళు లేవు, బస్సు లేదు. తంగమ్మ నీళ్ళు తెప్పించేలోగా రెండోసారి గెలిచింది, బస్సు తెప్పించేలోగా మూడో ఎన్నికల్లో ఓడిపోయింది. ఎప్పుడూ ఆ రాళ్ళనేల పనే చూసిందని బజారు వీధులు కోపగించుకున్నాయి. ఓడిన మర్నాడు కూడా ఆమె పింఛను ఆగిపోయిన ఒక ముసలామెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. "ఇప్పుడు నువ్వు కౌన్సిలరు కాదు కదమ్మా," అని గుమాస్తా అంటే, "ఈమె ఇంకా ముసలామే కదప్పా," అంది.

వేలూరు సభలో సంఘం కార్యదర్శి రాజ్‌మోహన్ సన్మానపత్రం చదివి వినిపించాడు. తెలుగు మాట్లాడటమే గానీ ఆ అక్షరాలు తంగమ్మకు రావు, అందుకని చెవి ఒగ్గి వింది. బుల్డోజరుకు ఎదురు నిలిచి వెనక్కి తిప్పి పంపిన వీరవనిత అని చదివాడు. చప్పట్లు కొట్టారు. ఆమె మైకు ముందుకొచ్చింది.

"సారు మంచి మనసుతో రాసినారు. అయితే నేను దాన్ని తిప్పి పంపలేదు. అడ్డం నిలబడితే పోలీసమ్మ నా చేయి పట్టి పక్కకు తీసుకుపోయింది. మా అమ్మ గుడిసె నా కండ్ల ముందరే పడిపోయినాది. ఆ దినం మాకు నీడ ఇచ్చినాయన ఆరుముగం శెట్టి. ఆయన్నీ తలుచుకోండి. నాకు అంతే చాలు."

ముందు వరసలో కార్తీక కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

మధ్యాహ్నం కార్తీక ఇంట్లో భోజనాలయ్యాయి. ఇద్దరూ నేల మీదే చాప వేసుకుని ఒరిగారు. పెండ్లినాటి వంటమనిషి కాలం చేశాడు. పాట పాడిన కృష్ణమ్మ పోయింది. శెట్టి పోయి కూడా చాలా కాలమైంది. పోయినవాళ్ళ మాటలే చాలాసేపు చెప్పుకున్నారు.

"నువ్వు ఆంబూరు పోయినాక మేము ఇంకా నెల దినాలు మండపంలోనే ఉంటిమి, తెలుసా?" అంది తంగమ్మ. "మీ నాయన దినమూ పొద్దుగూకే ముందర వచ్చి బిడ్డల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేవాడు. కొత్త తావుకు మా మూటలు బండికెక్కిస్తా ఉంటే గేటు పట్టుకుని నిలబడినాడు. 'కూతురు పోయినాది, ఇప్పుడు మీరూ పోతా ఉండారు, ఇంత పెద్ద మండపంలో నేనొక్కణ్ణే ఏం చేసేది తంగమ్మా' అన్నాడు."

కార్తీక లేచి కూర్చుంది. ఆ సంగతి ఆమె ఎన్నడూ వినలేదు. తండ్రి ఉత్తరాల్లో గానీ ఫోన్లలో గానీ ఒంటరితనం గురించి ఒక్క మాట అన్నవాడు కాదు.

"మా నాయన అట్ల అన్నాడా?"

"అన్నాడు."

"ఇంకోసారి చెప్పక్కా. గేటు దగ్గర నుంచి చెప్పు."

తంగమ్మ గోడకు ఆనుకుని, మెల్లగా మళ్ళీ మొదలుపెట్టింది.