జీడి మచ్చ అనుకున్నాం

కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల నడుమ కాపురముండే వారికి పిల్లల ఒంటిమీద నల్లమచ్చ కనిపిస్తే ఆశ్చర్యం కలగదు. జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలుతుంది. పుండు మానినా నలుపు చాలాకాలం నిలుస్తుంది. కాస్త కొబ్బరినూనె రాసి, జీడి మచ్చే కదా అని ఊరుకోవడం ఇక్కడి అలవాటు. మా మనవరాలి మోచేతి కింద అటువంటి మచ్చ కనబడినప్పుడు మేమూ అలాగే ఊరుకున్నాం.

అప్పట్లో మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు వెళుతూ, పాపను వీధి చివర పిల్లలను చూసుకొనే ఇంట్లో వదిలేవారు. అక్కడొక ఆయా ఉండేది. తరువాత పాప బడిలో చేరింది. ఆయా పని మానుకొని సోంపేటలోని తన వాళ్ల దగ్గరకు వెళ్లిపోయింది. మా ఇంట్లో ఆమె మాట వస్తే మంచిగానే వచ్చేది.

ఈ మధ్య ఒక ఉదయం మా అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టింది. ఆ ఇంట్లోనే పెరిగిన ఒక పిల్లవాడు ఇన్నాళ్లకు నోరు విప్పాడట. ఆయా గరిటె కాల్చి వాత పెట్టిందని వాడి తల్లి పోలీసులకు ఫిర్యాదు చేసింది. తక్కిన తల్లుల గ్రూపులో అదే అలజడి. మా అమ్మాయి అడిగింది ఒక్కటే.

"నాన్నగారూ, మన పాపది జీడి మచ్చేనా?"

ఆ సాయంత్రం తల్లిదండ్రులందరూ మా వసారాలో చేరారు. వారిలో చాలామంది ఒకప్పుడు నా బడిలో చదివినవారే. కొందరు వెంటనే సోంపేట వెళ్లి ఆయాను వీధిలోకి ఈడ్చాలన్నారు. మరికొందరు, పిల్లలకు తన చేత్తో అన్నం తినిపించిన మనిషిపై అంత మాట నమ్మలేమన్నారు. పైగా ఫిర్యాదు చేసినామె జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే కూలిమనిషి, ఆమె చేతి నూనే బిడ్డకు అంటి ఉంటుందన్నారు. ఆమె మెట్టు మీద కూర్చుని ఈ మాటలన్నీ వింటూనే ఉంది.

"మా సేతులు నలుపు. అందుకని మా గుంటడి మీద ఏ మచ్చున్నా మాదేనంతారు. మీ మనవరాలిది ఎవరి సేతిదో సెప్పండి మాస్టారూ, నానూ ఇంతాను."

లేచి ఆమెకు కుర్చీ వేయించాను. తరువాత కొన్ని నియమాలు చెప్పాను. సోంపేటకు ఎవరూ వెళ్లరాదు. నేరముంటే చట్టం చూస్తుంది, లేకుంటే మనమే నేరస్థులమవుతాం. పిల్లల నోట్లో మన మాటలు పెట్టరాదు. కొట్టిందా, కాల్చిందా అని అడగకుండా, బిడ్డకు చనువున్న ఒక్కరే నెమ్మదిగా కదిలించి, చెప్పినంత వినాలి.

"మాస్టారింట్లో గొడవకీ టైంటేబులే" అని ఒక యువకుడు గొణిగాడు. నలుగురూ నవ్వారు. ఆవేశం కొంత దిగింది.

ఆదివారం ఉదయం మా అమ్మాయి పాపకు జడ వేస్తోంది. నేను పక్కనే పేపరు పట్టుకొని కూర్చున్నాను గాని చదవడం లేదు. ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఏం చేసేవారని అమ్మాయి మామూలుగానే అడిగింది.

"పడుకునీవోళ్లం. పిక్కలొలిసే అత్త గుంటడు పడుకునీవోడు కాదు. ఒకపాలి ఆయా గరిటి పొయ్యి మీన ఎట్టి, ఆడి సేతికి అంటించింది. నాను కళ్లు మూసేసుకున్నాను."

ఆ ఇంట్లో అబ్బిన యాసను నేను రోజూ సరిదిద్దుతాను. ఆనాడు సరిదిద్దలేదు. ఆ మాటల్లో ఒక్క అక్షరం కూడా మారకూడదు.

అమ్మాయి మెల్లగా పాప మచ్చను తాకి, మరి ఇదేమిటని అడిగింది.

"పిక్క కొరికినాను. రసం సేతి మీన కారిపోయింది. తిడతావని సెప్పనేదు."

అమ్మాయి బిడ్డను ఒడిలోకి లాక్కుని చాలాసేపు వదలలేదు. గుమ్మంలో నిలబడి విన్న అల్లుడు, మన పాపకేమీ కాలేదు గదా, ఇంత పసిదాన్ని పోలీసుల ముందు కూర్చోబెట్టడం ఎందుకన్నాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేదు. తండ్రి కదా. అమ్మాయి జడ పూర్తిచేసి రిబ్బను కట్టింది.

"మన పాపది జీడి మచ్చే. ఆ బాబుది కాదు. ఆ సంగతి మనకు తెలిశాక ఎలా ఊరుకుంటామండీ?"

అల్లుడు ఆఫీసుకు సెలవు పెడతానన్నాడు.

నేను స్టేషనుకు వెళ్లి విచారించగా, పాపను అక్కడికి తీసుకురానక్కరలేదని చెప్పారు. ఒక మహిళా అధికారి మామూలు చీరలో మా ఇంటికే వచ్చింది. పాప తల్లి పక్కన కూర్చుని అవే మాటలు చెప్పింది. ఆయా దోషో కాదో ఇక న్యాయస్థానం తేల్చాలి. అది నా పని కాదు.

మరునాడు ఆ పిల్లవాడి తల్లి పని నుండి నేరుగా మా ఇంటికి వచ్చింది. ఈసారి మెట్టు మీద కూర్చోలేదు. మా అమ్మాయి ఇచ్చిన టీ పక్కన పెట్టి, మా పాప చేతిని తన నల్లని చేతుల్లోకి తీసుకుని మచ్చను బొటనవేలితో నిమిరింది.

"ఇది జీడిదే తల్లీ. పోద్ది" అంది.

తన కొడుకు మచ్చ మాట ఎత్తలేదు. మా అమ్మాయి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.