ఎగువ దేశం

బెళుగుప్ప హేమావతి అంతర్జాతీయ సంబంధాలు, భద్రతలో ఎం.ఏ. చదువుతోంది. ముందు బెంచీలో కూర్చుని, వేరుశనగ గింజలు ఒక్కొక్కటే పొట్టు తీసి నములుతూ పాఠం వింటుంది. ఎవరితో మాట్లాడినా కళ్లలోకే చూస్తుంది. తోటి విద్యార్థి సుదర్శన్ వైపు మాత్రం చూడదు. అతనిది కళ్యాణదుర్గంలో నూనె మిల్లున్న కుటుంబం. కిందటేడు ఆమె నాయన ఆదెప్ప భుజాన గొంగడితో హాస్టలుకు వస్తే, "ఏమప్పా, గొర్రెల్ని యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?" అని అందరి ముందూ అడిగాడు. "మా తమ్మునికి అప్పజెప్పి వచ్చినా సామీ" అన్నాడు ఆదెప్ప. అందరూ నవ్వితే, ఎందుకో తెలియక తనూ నవ్వాడు. ఆ నవ్వును ఆమె మరిచిపోలేదు.

ఈ నెల ప్రొఫెసర్ క్లాసులో ఉత్తుత్తి చర్చలు పెట్టారు. కరువుకాలం, ఒకే నది, రెండు దేశాలు. ఎగువ దేశం తరఫున హేమావతి, దిగువ దేశం తరఫున సుదర్శన్. అతను సగం నీళ్లు అడిగాడు. తర్వాత పావు వంతన్నాడు. చివరికి తాగడానికైనా ఇమ్మన్నాడు. ట్యాంకరు వెంట బిందె పట్టుకుని పరిగెత్తుతూ పెరిగిన హేమావతి, తడబడకుండా "ఇయ్యను" అంది.

"ఒప్పందం కుదరకపోతే ఇద్దరికీ సున్నా" అన్నారు ప్రొఫెసర్.

"వేసుకోండి సార్."

ఢిల్లీలో పరిశోధన సీటుకు ఆ మార్కులే ఆధారమనుకున్న సుదర్శన్ వరండాలో ఆమెను ఆపాడు. "నీకేం చేసినాను నేను?"

"మా నాయనను గొర్రెల సంగతి అడిగినావు గదా, అందరి ముందర."

"ఎప్పుడు?" అన్నాడు, నిజంగానే గుర్తులేక.

అప్పుడే చల్లబడిన ఆమె కడుపు మళ్లీ మండింది. సున్నా చాలదనిపించింది.