ఎర్ర పెన్నుతో దిద్దిన 'ఊకె'

ఎనిమిదేళ్ల కిందట జూన్‌లో, హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మానవ వనరుల మేనేజరుగా చేరాను. మాది గుంటూరు వైపు. నర్సులు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు, వాళ్లను నిలబెట్టుకోవడమే మీ పని అంది యాజమాన్యం. మొదటి వారంలోనే సలహాల పెట్టె పెట్టించాను. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. జవాబు మాత్రం నోటీసు బోర్డులో పెడతాను. ఈ పద్ధతిని లోకంలో నేనే కనిపెట్టినట్టు తిరిగేవాణ్ని.

ఎవరు ఏ షిఫ్టుకు రావాలో చెప్పే డ్యూటీ చార్టును, ఖాళీలు పూడ్చడానికి, వారానికి రెండుసార్లు మార్చడం మొదలుపెట్టాను. అప్పుడే ఒక చీటీ వచ్చింది: "డ్యూటీలు ఊకె మారుస్తాండ్రు." ఎవరో మెచ్చుకున్నారని పొంగిపోయాను. 'ఊకె'ను ఎర్ర పెన్నుతో 'ఓకే' అని దిద్ది, కింద "ధన్యవాదాలు, ఇకముందూ మారుస్తాం" అని రాసి బోర్డుకు అంటించాను. నెలవారీ నివేదికలో "షిఫ్టు మార్పులకు సిబ్బంది ఆమోదం" అని కూడా చేర్చాను.

నెల తర్వాత డయాలసిస్ విభాగం సీనియర్ నర్సు మరియ రాజీనామా ఇచ్చారు. డోర్నకల్ నుంచి రోజూ రైల్లో వచ్చేవారామె. వెళ్లిపోయేవాళ్లను కారణం అడిగి ఫారం నింపడం ఆనవాయితీ. అడిగాను.

"ఆ చీటీ నేనే రాసిన సార్. ఊకె అంటే ఓకే గాదు, మాటిమాటికి అని. మా ఆయనది రైల్వేల షిఫ్టు డ్యూటీ. నాది ఎప్పుడు మారుతదో తెల్వకపాయె. బిడ్డను ఎవలమీద ఇడిచి రావాలె? జర రెండు దినాలు ముందుగాల జెప్పినా సదురుకుందును."

"అప్పుడే చెప్పొచ్చు కదండీ?" అన్నాను.

"బోర్డు మీద జూసి అందరం ఒకటే నవ్వుడు. సారు మనల్ని ఎక్కిరిస్తాండు అనుకున్నం."

ఉండిపొమ్మన్నాను. తమ ఊళ్లోనే ఒక క్లినిక్‌లో చేరడానికి ఒప్పుకున్నానన్నారు.

అసలు ఘనకార్యం ఇక్కడి నుంచి. చార్టు సంగతి పైవాళ్లకు చెప్పాలంటే నా తెలుగు పాండిత్యం సంగతీ చెప్పాలి. అందుకని ఫారంలో కారణం దగ్గర "కుటుంబ పరిస్థితులు" అని రాశాను. చార్టు అలాగే నడిచింది. దసరాలోపు అదే విభాగం నుంచి ఇంకో ముగ్గురు అదే కారణం చెప్పి వెళ్లిపోయారు. చెయ్యి అలవాటు పడింది కదా, వాళ్ల ఫారాల్లోనూ "కుటుంబ పరిస్థితులు" అనే రాశాను.

పోయినేడు ముందస్తు విరమణ తీసుకున్నాను. ఇప్పుడు సరిచేస్తున్నాను: ఆ నలుగురూ మానింది కుటుంబ పరిస్థితుల వల్ల కాదు. షిఫ్టు మార్పు ముందుగా చెప్పనందువల్ల. చెప్పనివాణ్ని నేను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు, చీటీ అర్థం కాకపోతే ఎలాగూ ఎవరినో అడుగుతారు. అర్థమైందనిపించినప్పుడు కూడా అడగాలి.