వసపిట్టకు ఆగడం నేర్పిన ముందుగది

మా ఆవిడ మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తనిఖీ అధికారుల ముందు తడబడకుండా జవాబు చెప్పడం అక్కడి సిబ్బందికి నేర్పడం ఆమె ఉద్యోగం. అసలు అధికారి రాకముందే తను ఆ వేషం కట్టి, మిషన్ల మధ్య తిరుగుతూ అందరి ప్రాణాలూ తోడేస్తుంది. ఆ అలవాటు ఇంటికీ పాకింది. గ్యాస్ కట్టేశానంటే చాలదు, కట్టేసినట్టు నాకెలా తెలుసో కూడా చెప్పాలి. నా ఓపికను తనిఖీ చేసే నాథుడే లేడు.

ఆమె శిష్యుల్లో మాత్రల మిషను నడిపే ఆపరేటరు ఒకడున్నాడు. పనిలో వంక పెట్టలేం గానీ నోటికి తాళం ఉండదు. అందరూ వసపిట్ట అంటారు. కిందటి తనిఖీలో అధికారి ప్రశ్న అడిగి, జవాబు విని, ఏమీ అనకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనం భరించలేక మనవాడు, పక్క షిఫ్టువాళ్ళు మిషను ఇంకోలా కడుగుతారేమోనని ఊహించి చెప్పేశాడు. అది నిజం కాదని నిరూపించేసరికి ఫ్యాక్టరీకి తల ప్రాణం తోకకొచ్చింది. ఈసారి నోరు జారితే మిషను మీంచి తీసేసి గోదాముకు పంపిస్తానని మేనేజరు తేల్చేశాడు. ఆ మిషనంటే వసపిట్టకు ప్రాణం.

ఎన్ని క్లాసులు పెట్టినా లాభం లేకపోయింది. తెలిసిన మనిషి కనక మా ఆవిడ మౌనానికి అతను బెదరడు. అప్పుడామె కన్ను మా అమ్మ మీద పడింది. అమ్మ కళ్ళజోడు మీంచి ఒక్క చూపు చూస్తే, చిన్నప్పుడు చెయ్యని తప్పులు కూడా ఒప్పుకునేవాణ్ణి. అత్తగారు పెదవి విప్పకూడదని మాట తీసుకుని, ఆదివారాలు అతన్ని మా ముందుగదిలో కూర్చోబెట్టింది.

మొదటిరోజు మా ఆవిడ అడిగిన ప్రశ్నకు చక్కగా జవాబు చెప్పాడు. అమ్మ చూసింది. అంతే, ఎండల దగ్గర మొదలెట్టి, మరదలి పెళ్ళికి వెళ్తుంటే బస్సులో పెట్టెలు తారుమారైన సంగతి దాకా వెళ్ళిపోయాడు. పెట్టె తెరిచి చూద్దుం గదా, అనేసరికి మా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చేసింది చెప్పు, చూసింది చెప్పు. తెలీకపోతే తెలీదను. అక్కడితో ఆగు. ఆగడమంటే దాచడం కాదు."

అతని చెమటలు చూసి నాకే జాలేసింది. పాపం, వదిలెయ్యమన్నాను. ఆవిడ నావైపైనా చూడలేదు. కొన్ని ఆదివారాలకి అతను నోరు మూసుకుని అమ్మ చూపును తట్టుకోగలిగాడు. ఆ ఖాళీలో మనసులోనే మిషను విప్పి, ఒక్కో భాగమూ తుడిచి, మళ్ళీ బిగించుకుంటున్నాడట.

అసలు తనిఖీ రానే వచ్చింది. మా ఆవిడ వెనకే నిలబడి ఉంది. అధికారి మిషను కడిగే పద్ధతి అడిగాడు, వసపిట్ట చెప్పాడు. పక్క షిఫ్టు సంగతీ అడిగాడు.

"నేను చూడలేదండీ. ఆ షిఫ్టు ఆయన్ని పిలుస్తాను" అని ఆగాడు.

అధికారి చూస్తూనే ఉన్నాడు. వసపిట్ట కదల్లేదు. మా ఆవిడకే ఏదో ఒకటి అనేద్దామనిపించిందట. చివరికి అధికారే గొంతు సవరించుకుని, సరే పిలవండి అన్నాడు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమెను చూస్తే గర్వంగా అనిపించింది.

తర్వాతి ఆదివారం వసపిట్ట పళ్ళు పట్టుకుని వచ్చాడు. మిషను అతనికే ఉంచారు. అమ్మ ఎదురుగా కూర్చుని, నేర్చుకున్న ప్రకారం బుద్ధిగా నోరు మూసుకున్నాడు. అమ్మ కాసేపు చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇంక నావల్ల కాదు నాయనా. ఇంతకీ ఆ పెట్టెలో ఏముంది?"