ఒడిలో మోసిన గడియారం

మలేషియాలో ఇపోలోనూ సముద్ర తీరాన బాగన్ దాతుక్‌లోనూ ఉన్న రెండు రేడియో స్టేషన్లు సముద్రంలోని పడవల జాడ కనిపెట్టడానికి తోడ్పడతాయి. పడవ పంపే సంకేతం ఏ క్షణాన వినబడిందో రెండు స్టేషన్ల గడియారాలూ ఒకే మాట చెప్పాలి. వంద నానోసెకన్ల తేడా వస్తే, అంటే సెకనులో కోటో వంతు తప్పితే, దూరం లెక్క ముప్పై మీటర్లు తప్పుతుంది. పరీక్షలో లంగరు వేసిన పడవ ప్రతిసారీ ఒకే వైపు జరిగి కనబడుతోందని నా మేనకోడలు ఫోను చేసింది. తీరంలోని గడియారాన్ని అమర్చింది ఆమే.

"నేను పాడు సేసినానంటన్నారు, మావయ్యా. శుక్రవారంలోగా కారణం సెప్పకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు."

అదే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి నేను. "సూస్తాను. తప్పు నీదైతే నీదనే సెప్తాను," అన్నాను.

"సెప్పండి లా. ఏదో ఒకటి తేలాలి." మాట చివర ఆ "లా" ఇక్కడి ఊతపదం.

రెండు గడియారాలూ ఉపగ్రహ సంకేతంతోనే సరిదిద్దుకుంటాయి. దాని ప్రకారం రెంటికీ తేడా లేదు. కనుక ఉపగ్రహాన్ని నమ్మడం మాని, మూడో గడియారాన్ని మోసుకెళ్లి పోల్చాలని నిశ్చయించాను. అది బియ్యం డబ్బా అంత పెట్టె, బ్యాటరీతో నడుస్తుంది. ఇపోలో దాని టైము అక్కడి గడియారంతో కలిపాను. దానికి కుదుపు తగలకూడదు, వేడి మారకూడదు. నా భార్య వెనక సీటులో కూర్చుని దాన్ని ఒడిలో పెట్టుకుంది.

"పెళ్లైన కొత్తలో నన్ను లారీలో ఎక్కించినారు. దీనికేమో ఏసీ."

"కదపకు."

"ఊపిరి తియ్యొచ్చా?"

"మెల్లగా."

బాగన్ దాతుక్‌లో పోల్చి చూస్తే, తీర గడియారం వంద నానోసెకన్లు వెనకబడి ఉంది. మేనకోడలి ముఖం వాడిపోయింది. గంట ఆగి మళ్లీ చూడమన్నాను. నూట ఒకటి. పాడైన గడియారం తప్పు పెరుగుతుంది, తరుగుతుంది, ఇది కదలలేదు. ఉపగ్రహ సంకేతం యాంటెన్నా నుంచి గడియారానికి చేరే తీగలో ప్రతి మీటరుకూ ఐదు నానోసెకన్లు తీసుకుంటుంది; ఆ ఆలస్యాన్ని గడియారంలో ముందే రాసి పెట్టాలి. భాగించి చూశాను.

"ఇరవై మీటర్ల తీగ నీ లెక్కలోకి రాలేదు. యాంటెన్నా నుంచి ఎంత పొడవని రాసినావు?"

"ప్లానులో ముప్పై ఉంది."

"కొలిచినావా?"

ఆమె బీరువాను పక్కకు జరిపింది. వెనక నల్లటి తీగ చుట్టలుగా చుట్టి, నీటుగా కట్టి ఉంది.

"మిగిలింది కోసెయ్యబుద్ధి కాలేదు. రేపు పనికొస్తాది అనుకున్నాను."

"అచ్చం మీ అమ్మే," అంది నా భార్య. "పాత బకెట్టు సెవి కూడా పారెయ్యదు."

ఆ చుట్టను టేపు పెట్టి కొలిచాం. ఇరవై మీటర్లకు జానెడు ఎక్కువ. కొత్త పొడవు ఎక్కించి, గడియారం కుదురుకునే దాకా ఆగాం. తేడా మూడుకు దిగింది.

గడియారం బాగుందనీ, తీగను తాను కొలవలేదనీ ఆమె నివేదికలో రాసింది. పంపబోతుంటే ఆపాను. దారిలో నా పెట్టే తప్పి ఉంటే? తిరిగి ఇపో చేరి, బయలుదేరినప్పటి అంకెతో సరిచూసేదాకా అది రుజువు కాదు. నా భార్య అప్పటికే కారెక్కి చేతులు చాపింది.

ఇపోలో పెట్టె తేడా నాలుగే, వంద ముందు అది లెక్కలోది కాదు. ఫోనులో ఆ అంకె చెప్పాను.

"అయితే పంపుతున్నాను, మావయ్యా."

"కొలవలేదన్న వాక్యం?"

"ఉంచినాను."